ఒక పనికి మూడు గడువులు

ఈ పని ఎప్పటికవుతుందని అడిగితే ఒక తేదీ చెప్పేయడం అందరికీ అలవాటే. ఆ ఒక్క తేదీతో సరిపెట్టుకోకుండా మూడు గడువులు అడిగే పద్ధతి 1958లో అమెరికా నౌకాదళంలో పుట్టింది. దాని పేరు పెర్ట్.

అంతకుముందు హెన్రీ గాంట్ చార్టులు వాడుకలో ఉండేవి. 1910లలో పేరు తెచ్చుకున్న ఆ చార్టు చూస్తే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో తెలిసేది. ఒకటి ఆగితే దాని వెనక ఇంకేవి ఆగుతాయో మాత్రం తెలిసేది కాదు.

నౌకాదళం చేపట్టిన పొలారిస్ క్షిపణి పథకం దగ్గర ఆ లోటు పెద్ద చిక్కే అయింది. నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామి నుంచి క్షిపణిని వదలాలి. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపాక తొందర మరీ పెరిగింది. పాత అనుభవం చూసి గడువు చెబుదామంటే అలాంటి పని అంతకుముందు చేసినవాళ్లే లేరు. ఆ పథకాన్ని నడిపిన అడ్మిరల్ రాబోర్న్ కార్యాలయం బూజ్ అలెన్ హామిల్టన్, లాక్‌హీడ్ కంపెనీలతో కలిసి దీనికి దారి వెతికింది.

పని చేసేవాణ్ణే మూడు ప్రశ్నలు అడిగారు. అంతా కలిసొస్తే ఎన్ని వారాలు? మామూలుగా అయితే ఎన్ని? అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని? జవాబులు 4, 6, 14 అనుకుందాం. మధ్య అంకెను నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7 వస్తుంది. ఆరు వారాలన్న పనికి ఏడు వారాలు కేటాయిస్తారు. ఈ పద్ధతికి ప్రాణం సూత్రంలో కన్నా ఆ మూడో ప్రశ్నలోనే ఉంది. పై అధికారి ముందు తన భయాన్ని అంకెగా చెప్పుకునే వీలు కిందివాడికి అక్కడే దొరికింది.

దాదాపు అదే కాలంలో రసాయనాల కంపెనీ డ్యూపాంట్‌లో మోర్గాన్ వాకర్, కంప్యూటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్‌లో జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. ఒకదాని తర్వాత ఒకటిగా చేయక తప్పని పనుల వరసల్లో అన్నిటికన్నా పొడవైనదే మొత్తం గడువును తేలుస్తుంది. తక్కినవాటిలో ఎంత తొందరపడ్డా ముగింపు ముందుకు జరగదు. లూయీవిల్‌లో మరమ్మతులకని డ్యూపాంట్ ప్లాంటు ఆపినప్పుడు ఈ లెక్క వాడి చూశారు. సగటున 125 గంటలు పట్టే పని 93 గంటలకు తగ్గింది.

1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ జలాంతర్గామి నీటి అడుగు నుంచి రెండు పొలారిస్ క్షిపణులను ప్రయోగించింది. ఆ ఘనతలో పెర్ట్‌కూ పెద్ద వాటా దక్కింది. అయితే 1972లో రాజనీతి పండితుడు హార్వే సపోల్‌స్కీ పొలారిస్ మీద రాసిన పుస్తకంలో వేరే మాట రాశాడు: పని నడపడంలో కన్నా, బయటివాళ్లు జోక్యం చేసుకోకుండా నిలువరించడంలోనే పెర్ట్ ఎక్కువగా అక్కరకొచ్చిందట. పొలారిస్ వరకు ఆ మాట ఒప్పుకోవచ్చు. క్రిటికల్ పాత్ లెక్కతో లూయీవిల్‌లో మిగిలిన గంటలు మాత్రం ప్లాంటు నడిచిన గంటలే.