తుపాను వెళ్లిపోయాక మిగిలే చీకటి

2017 సెప్టెంబరు 20న కరేబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో దీవిని మరియా తుపాను తాకింది. అమెరికా పాలనలోని ఆ దీవి అంతటా విద్యుత్తు నిలిచిపోయింది. మృతులు 64 మంది అని ఆ ఏడాది చివరికి ప్రభుత్వం లెక్క చెప్పింది. 2018 ఆగస్టులో, జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనాను అనుసరించి, ఆ సంఖ్యను 2,975గా సవరించింది.

ఇంత వ్యత్యాసం ఎందుకు? తుపాను వల్లనే మరణించారని ధ్రువపత్రాలలో నమోదైనవారే మొదటి లెక్కలోనికి వచ్చారు. తరువాతి నెలల్లో మామూలుకంటె ఎన్ని మరణాలు అధికంగా సంభవించాయో రెండవ లెక్క పరిశీలించింది. హార్వర్డ్ పరిశోధకులు 3,299 ఇళ్లను సర్వే చేయగా, తుపాను అనంతర మరణాలలో సుమారు మూడవ వంతుకు వైద్యం ఆలస్యం కావడమో, అందకపోవడమో కారణమని కుటుంబసభ్యులు తెలిపారు. ఆక్సిజన్ యంత్రానికీ, డయాలసిస్‌కూ, ఇన్సులిన్ దాచే ఫ్రిజ్‌కూ కరెంటే ఆధారం. దీవి అంతటికీ అది తిరిగి రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది.

ఇది ఎక్కడిదో కథ అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖపట్నంలో కరెంటు స్తంభాలు నేలకూలాయి. చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. మోటార్లు తిరగక నీళ్లకు కటకట ఏర్పడింది, ఫోన్లు మూగబోయాయి.

కనుక తుపాను హెచ్చరిక వినగానే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా తెచ్చుకోండి. తాగునీరు పట్టి ఉంచండి. ఫోనూ, టార్చిలైటూ ఛార్జి చేసుకోండి. ఆక్సిజన్ యంత్రం వాడేవారి ఇంట నిండు సిలిండరు ఉండాలి. డయాలసిస్ రోగులు ప్రత్యామ్నాయ ఏర్పాటు గురించి ముందే ఆసుపత్రిలో అడగాలి. ఇన్సులిన్ సీసాను పాలిథీన్ సంచిలో చుట్టి, తడి గుడ్డ కప్పిన మట్టికుండలో నీడన ఉంచవచ్చు.

జనరేటరును ఇంట్లోగాని, వరండాలోగాని, కిటికీల చెంతగాని నడపరాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించరాదు. వాటినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చివరగా, మీ వీధిలో ఒంటరి వృద్ధులెవరో, యంత్రం మీద ఆధారపడిన రోగులెవరో ఈ వారమే తెలుసుకోండి. కరెంటు పోయిన మొదటి గంటలోనే వారి తలుపు తట్టండి.