వాల్తేరు వాకిట నొక దరఖాస్తు

ప్రతివత్సరము వేసవి ముగిసి తొలకరి మబ్బులు కమ్ముకొనుసరికి మన మధ్యతరగతి గృహములలో నొకవిధమైన నిరీక్షణము ప్రవేశించును. పట్టపరీక్షలో నుత్తీర్ణులైన కుమారుడో కుమార్తెయో పైచదువునకై దరఖాస్తు పంపియుందురు. పూర్వము తపాలా బంట్రోతు అడుగుల చప్పుడు వినబడగనే వీథి తలుపు తెఱచుచుండెడివారు. నేడు చేతిలోని ఫోను తెరను గడియ గడియకును తెఱచి చూచుచున్నారు. సాధనము మాఱినది గాని గుండెదడ మాఱలేదు. "నీ పేరు వచ్చినదా, అమ్మా?" యని నాయనమ్మ అడుగుటయు, "జాబితా యింకను వెలువడలేదు, నాయనమ్మా" యని మనుమరాలు చెప్పుటయు మనమందఱ మెఱిగినవే.

ఇట్లు నిరీక్షించువారిలో సంఘసేవను స్నాతకోత్తర విద్యగా నెన్నుకొన్నవారు కొందఱు కలరు. ఎం.ఎస్.డబ్ల్యూ. అని జనులు పిలుచు ఆ పట్టమునకు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శిక్షణ నొసగుచున్నది. వీరి యిండ్లలో నిరీక్షణముతోడ నొక ప్రశ్నయు వినబడుచుండును. "పరులకు మేలు చేయుటకు మనస్సు చాలదా? పట్టమెందులకు?" అని పెద్దలడుగుదురు. ఈ ప్రశ్నకును ఆ నిరీక్షణమునకును గూడ సమాధానము చెప్పగల వృత్తాంత మొకటి ఆ వాల్తేరు మిట్టమీదనే జరిగియున్నది. దానిని చదువరులకు జ్ఞప్తిచేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

దానధర్మములు మనకు క్రొత్తవి కావు. బాటసారులకు సత్రములు కట్టించితిమి; ఎండకాలమున చలివేంద్రములు పెట్టితిమి. కాని ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట యొకటి. వాడేల ఆకలిగొనెనో విచారించి, రేపు మరల ఆకలిగొనకుండ చేయుట మఱియొకటి. ఈ రెండవ కార్యమునకు కరుణ మాత్రమే చాలదనియు, శిక్షణ కావలెననియు పందొమ్మిదవ శతాబ్ది చివర పాశ్చాత్య దేశములలో గ్రహించిరి. 1898లో న్యూయార్కు నగరమున ధర్మకార్యములు నిర్వహించువారికై వేసవి తరగతులు ప్రారంభమయ్యెను. మఱుసటియేట ఆమ్‌స్టర్‌డాములో నిట్టి పాఠశాల యొకటి వెలసెను. మనదేశమున నీ విద్యకు తొలి కళాశాల 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర నెలకొనెను. అంతకుముందు ఆ నగరమందే నాగపాడా పేటలో కార్మికకుటుంబముల నడుమ సేవాగృహమును నడపిన క్లిఫర్డ్ మాన్‌షార్టు అను అమెరికను మిషనరీ దానికి మొదటి డైరెక్టరు. 1944లో నది టాటా సాంఘికశాస్త్రసంస్థ యను పేరు ధరించెను.

ఆ కళాశాల మొదటి పేరులోనే 'గ్రాడ్యుయేటు' అను మాట యుండెను. అనగా పట్టభద్రులకే అందు ప్రవేశము. ఈ నియమము సమంజసమైనదే. కాని ఆ 1936 ప్రాంతమున మన తెలుగుదేశములో నొక స్త్రీ పట్టభద్రురాలగుటకు ఎన్ని వాకిళ్లు దాటవలసియుండెనో విచారించితిమేని, సంఘసేవావిద్య చరిత్ర బొంబాయిలో గాక వాల్తేరులోనే మొదలుపెట్టవలెనని తోచును.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో స్థాపింపబడి, 1930లో వాల్తేరునకు తరలివచ్చెను. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డను ప్రభువు విశాఖపట్టణపు క్రొత్త రేవును ప్రారంభించెను. ఇట్లు కొలది సంవత్సరములలోనే సముద్రతీరమున రెండు ద్వారములు తెఱవబడెను. ఒకటి సరకులకు, మఱియొకటి విద్యకు. విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరుగా నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆ పదవిని విడిచిరి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుని పిమ్మట 1936లో మరల ఆ పీఠమునకు వచ్చిరి. ఆ కాలముననే దుర్గాబాయి యను యువతి బి. ఏ. ఆనర్సులో రాజనీతిశాస్త్రము చదువగోరి వారి సన్నిధికి వచ్చెను.

ఈమె తక్కిన విద్యార్థులవంటిది కాదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవయేటనే వివాహమైనది; యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధమునుండి తొలగెను. ఆంగ్లభాషలో బోధించు బడిని బాల్యముననే విడిచి, తాను హిందీ నేర్చి, ఇతర బాలికలకు నేర్పుటకు పాఠశాల పెట్టెను. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదన్న కారణమున జవహరులాలు నెహ్రూగారిని లోనికి పోనీయక నిలిపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చియిచ్చిన పిమ్మటనే ఆయనకు దారి యిచ్చెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమున కేగెను. అచ్చట తమ పక్షమున పలుకువారు లేక, న్యాయస్థానమున తామేమి చెప్పవలెనో తెలియక శిక్షలనుభవించుచున్న నిరక్షరాస్యలైన స్త్రీలను చూచెను. వారి కథలు విని కన్నీరు విడిచి యూరకుండలేదు. తాను చదువుకొని న్యాయవాదిని కావలెనని నిశ్చయించుకొనెను. చెఱనుండి వెలువడిన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, ఇంటర్మీడియెటు పరీక్షల నిచ్చి, వాల్తేరు వాకిటికి చేరెను.

అచ్చట ఆమెకు లభించిన సమాధాన మేమి? బుద్ధి చాలదని కాదు. స్త్రీలకు వసతిగృహము లేదు, కావున ప్రవేశమిచ్చుట కష్టము అని. రామలింగారెడ్డిగారు పూర్వాచారపరాయణులు కారు. స్వతంత్రబుద్ధికి పేరెన్నిక గన్నవారు. ఊరికి దూరముగా, కొండకును కడలికిని నడుమనున్న ఆవరణములో నొంటరిగ నొక యువతి యెక్కడ నుండునను చింత సంస్థాధిపతికి కలుగుట సహజమే. అయినను ఫలితము మాత్రమొకటే. సాంఘికదురాచారము 'వద్దు' అని గద్దించి మూయు తలుపును, సదుద్దేశము 'వసతి లేదు' అని మృదువుగా మూసినను, వెలుపల నిలిచినదానికి భేదమేమున్నది?

ఇట్టియెడ సామాన్యముగ మనకు రెండే మార్గములు తోచును. విధి యింతేయని యింటికి మరలుట యొకటి. అధికారులను దూషించుట రెండవది. దుర్గాబాయి యీ రెండును చేయలేదు. తనవలెనే చదువుకోరిక గలిగియు, వసతిగృహము లేకపోవుటచే ఆగిపోయిన స్త్రీలు తనతో చేరవలసినదని పత్రికలో ప్రకటన వేయించెను. కొందఱు యువతులు జవాబు వ్రాసిరి. వారందఱును కలిసి వసతి యేర్పరచుకొనిరి. పిమ్మట అభ్యంతరమునకు తావులేకపోయెను, ప్రవేశము లభించెను. కాకినాడలో నియమము పాటించి టిక్కెట్టు లేనివానిని నిలిపిన బాలిక, వాల్తేరులో నియమమును తిట్టక, తనకేగాక తోడివారికిని టిక్కెట్టు సంపాదించియిచ్చెనని చెప్పవచ్చును.

చదువరులారా! ఈ చిన్న ప్రకటనయందలి విశేషమును గమనింపుడు. అంతవఱకు విశ్వవిద్యాలయమువారి పుస్తకములలో ఆ జవాబు వ్రాసిన యువతుల పేర్లు లేవు. వారు నిరాకరింపబడినవారు కారు, అసలు అడుగనేలేదు. తిరస్కృతులైనవారిని లెక్కింపవచ్చును. అడుగకయే ఆగిపోయినవారిని ఏ కార్యాలయము లెక్కించును? 'స్త్రీలు చదువునకు వచ్చుటలేదు, కావున వసతి యెందులకు?' అని సంస్థ యనును. 'వసతి లేదు, కావున ఎట్లు వత్తుము?' అని స్త్రీ లనుకొందురు. ఈ వలయమును ఛేదించినది ఆ ప్రకటన. ఒకరి సొంతకష్టమును పదుగురి సమానకష్టముగా గుర్తించుట, ఆ పదుగురిని వెదకి చేర్చుట, చేరినవారిచేతనే పరిష్కారమును కల్పింపజేయుట - నేడు సంఘసేవాకళాశాలలలో బోధించు సముదాయనిర్వహణమునందలి మూలసూత్రములు ఇవియే. కళాశాలలో ప్రవేశమునకై నిరీక్షించుచు ఆమె ఆ పాఠమును ఆచరించి చూపెను.

తరువాతి చరిత్ర లోకవిదితము. వాల్తేరులో ఎం. ఏ. ముగించి, చెన్నపురిలో న్యాయశాస్త్రము చదివి, 1942లో పట్టముపొంది న్యాయవాదియయ్యెను. 1937లో చెన్నపురిలో వెలసిన ఆంధ్ర మహిళాసభ, బడి దాటిపోయిన వయస్సులోనున్న స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనునకు సిద్ధపఱచెను. ఆమె రాజ్యాంగసభలో సభ్యురాలై, పిదప ప్రణాళికాసంఘమున స్థానమునందెను. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘికసంక్షేమమండలి యేర్పడినపుడు దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. చదువు మధ్యలో నాగిపోయిన పెద్దవయసు స్త్రీలకై ఆ మండలి 1958లో సంక్షిప్తవిద్యాక్రమమును దేశమంతట ప్రవేశపెట్టెను. మూయబడిన వాకిలి ముందు నిలిచి, తన వెనుక నింకెందఱు నిలిచియున్నారో తిరిగి చూచిన దృష్టియే ఆ పథకమునందును కానవచ్చుచున్నది.

ఇక 'పట్టమెందులకు?' అను పెద్దల ప్రశ్నకు వత్తము. దుర్గాబాయికి కరుణ చెఱసాలలోనే కలదు. అది చాలియున్నచో ఆమె చదువునకు పూనుకొననేల? దుఃఖితురాలి ప్రక్కన కూర్చుండి కన్నీరు తుడుచుటకు హృదయము చాలును. ఆమెను నిర్బంధించిన చట్టమును చదివి, తప్పెక్కడనున్నదో చూపుటకు విద్య కావలెను. విశాఖపట్టణమే దీనికి నిదర్శనము. 1948 ఫ్యాక్టరీల చట్టము, 500 మందికి తక్కువగాకుండ కార్మికులున్న ప్రతి కర్మాగారమును సంక్షేమాధికారులను నియమింపవలెనని శాసించెను. ఆ సంవత్సరముననే మార్చి నెలలో 'జల ఉష' యను ఓడ ఇచ్చటి నౌకానిర్మాణకేంద్రమునుండి కడలిలోనికి దిగెను. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికంకితమైన ఉక్కుకర్మాగారము వచ్చెను. దానికై భూములిచ్చి, ఉద్యోగమునకై 'ఆర్ కార్డు' చేతబట్టి యేండ్ల తరబడి ఎదురుచూచిన కుటుంబములు నెన్నియో కలవు. రేవున మూటలు మోయువానికి, కొలిమియొద్ద పనిచేయువానికి, ఇల్లు పోగొట్టుకొన్నవానికి అండగా నిలుచువారికి జాలిగుండెతోపాటు లెక్కయు, చట్టమును, మనస్తత్త్వమును తెలిసియుండవలదా?

ఇచ్చట నొక ఆక్షేపణ కలుగవచ్చును. 'అందఱును దుర్గాబాయిలు కాగలరా?' యని. కాలేరు, కావలసిన అగత్యమును ఉండరాదు. ధైర్యవంతురాలైన ఒక యువతి తలుపు తెఱచుకొన్నదని మెచ్చుకొని, తలుపును యథాప్రకారము మూసియుంచుట సంస్కారము కాదు. విద్యార్థిని తన వసతిని తానే కల్పించుకొనవలసివచ్చుట ఆమెకు కీర్తి; సంఘమునకు మాత్రము లోపమే. 2021 నుండి మన రాష్ట్రమున స్నాతకోత్తర ప్రవేశమునకు ఉమ్మడిపరీక్ష జరుగుచున్నది. పరీక్ష యందఱికిని సమానమే. కాని పరీక్షకు దరఖాస్తు పెట్టకయే ఆగిపోవువారు నేడును లేరా? మన్యపుగ్రామమున వసతిఖర్చునకు వెఱచినవారు, మత్స్యకారుల పల్లెలో తమ్ములను పెంచవలసి ఆగినవారు, 'అంతదూరము ఆడపిల్లను పంపుదుమా?' యను ఒక్కమాటతో నిలిచిపోయినవారు ఏ జాబితాలోను కనబడరు.

కావున ఈ తొలకరిని మీ గృహమున ఫలితమునకై యెదురుచూచు బిడ్డ యున్నచో, ఆమెతో నిట్లు చెప్పుడు. జాబితాలో పేరు వచ్చినచో సంతోషమే. రాకున్నచో నది నీ సేవాబుద్ధిపై తీర్పు కాదు. అంతవఱకు ఊరకుండక, నీవలె చదువగోరి అడుగలేకపోయినవారు నీ వీథిలో నెవరున్నారో కనుగొనుము; వచ్చేయేడు వారిచేత దరఖాస్తు పెట్టింపుము. ఇది మీ బిడ్డకు చెప్పుటతో నాగక, పొరుగింటి తల్లిదండ్రులయొద్దకు మీరును పోయి, వారి బిడ్డను నిలిపినదేమో అడిగి తెలిసికొనుడు. వసతియే అడ్డమైనచో, పట్టణమున మీ యింటనున్న ఒక గదిని గుఱించి యాలోచింపుడు.