తాడేపల్లి నుంచి రష్యా దాకా గ్యాస్ బిళ్ళ

రష్యాలో ఛాతీ మంటకు జనం అడిగి కొనుక్కునే మందుల్లో ‘ఒమెజ్’ ఒకటని తెలిసి ఎంత సంబరపడ్డానో! దాన్ని తయారుచేసే డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి తాడేపల్లి పసుపు రైతు కొడుకు, గుంటూరు ఏసీ కాలేజీలో చదివినవాడు. మా ఊరు కొత్తపట్నంలో గ్యాస్ బిళ్ళ అని తెచ్చుకునే మందుకు ఇంత కథ ఉందా అని వెతికాను.

వాము, జీలకర్ర, మజ్జిగ, వంటసోడా: కడుపు మంటకు చాలాకాలం ఇంతే. 1970ల దాకా అల్సర్ ముదిరితే కడుపు కోసి, ఆమ్లం ఊరించే నరాన్ని తెంచేవారు. 1976లో జేమ్స్ బ్లాక్ బృందం సిమెటిడిన్ తెచ్చాక ఆ ఆపరేషన్లు తగ్గాయి. 1988లో స్వీడన్ నుంచి, ఒమెజ్‌లో ఉండే మందు, ఒమెప్రజోల్ వచ్చింది.

ఈ మందు పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఏ ఆమ్లాన్ని ఆపాలో ఆ ఆమ్లంలోనే పడితే నాశనమైపోతుంది. అందుకే క్యాప్సూల్‌లో పూత పూసిన సన్నటి గుళికలుగా పోస్తారు. అవి కడుపు దాటి పేగులో కరిగి, రక్తంలో కలిసి, మళ్ళీ కడుపు గోడకే చేరి, ఆమ్లం తోడే పంపులను మూసేస్తాయి. తిండికి అరగంట ముందు వేసుకోమనేది అందుకే: పంపులు పనిలోకి దిగే వేళకు మందు అక్కడ ఉండాలి. ఇక ఇది మన చేతికి ఎలా వచ్చిందంటే, మన 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది. ఆ వెసులుబాటుతో మన రసాయన శాస్త్రజ్ఞులు సొంత దారిలో దీన్ని తయారుచేశారు. అప్పటి బ్రాండ్ల ధరలో సగానికే ఒమెజ్ బజారుకొచ్చింది. సామాన్యుడికి అది నిజమైన మేలు.

ఇక్కడ మన మిరపకాయ గురించి ఒక మాట. అల్సర్లకు మూలం చాలావరకు ఒక బాక్టీరియా అని ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ 1980ల్లో తేల్చారు. ఆరోగ్యవంతులకు కారం బాగా పెట్టి, కడుపులోకి గొట్టం వేసి చూసిన 1988 నాటి అమెరికా పరీక్షలో పుండ్లేమీ కనబడలేదు. మంట పుట్టించవచ్చు గానీ, పుండు నేరం గుంటూరు మిరపది కాదు.

తర్వాత ఒమెప్రజోల్ జాతిదే అయిన పాంటాప్రజోల్ వచ్చింది, నొప్పి బిళ్ళకు తోడుగా చీటీలోకెక్కింది. చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది వారాలకు రాసే మందు ఏళ్ళ తరబడి పరగడుపు అలవాటైంది. ఎప్పుడు ఆపాలో చెప్పే మాటే మధ్యలో ఎక్కడో పోయింది. నాకు బాధ అక్కడే. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేనివారికి ఎనిమిది వారాలు ఈ జాతి మందిచ్చి ఆపితే, 44 శాతం మందికి మంట, పులితేన్పుల వంటివి వచ్చాయి. ఆపగానే వచ్చే ఆ మంటను పాత జబ్బే అనుకుని మళ్ళీ మొదలుపెడతాం. ఏళ్ళ వాడకంతో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు.

రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారిలో కొందరికి ఈ మందు తప్పనిసరి రక్షణ, కాబట్టి మీకు మీరే మానేయకండి. ఈసారి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు మాత్రం, ఇది నాకు ఇంకా అవసరమా అని తప్పక అడగండి.