గన్నవరమునకు వచ్చిన సన్మానపత్రము

పండితునకు శాలువ కప్పుట, కవికి గండపెండేరము తొడుగుట, గాయకునకు కనకాభిషేకము చేయుట మన దేశమున పూర్వమునుండి ఉన్న మర్యాదలు. వీరి విద్య సభలో ప్రకాశించునట్టిది. కనుక వీరిని గౌరవించుటకు సభయే తగిన తావు. కాని రేవులో పడవకై వేచియున్న బాటసారికి అన్నము పెట్టినవారిని, వరదలో చిక్కినవారిని ఒడ్డు చేర్చినవారిని, అర్ధరాత్రి తలుపు తట్టినవారికి చాప పరచినవారిని ఏ సభలో గౌరవింపవలెను? వారి పని సభకు రాదు. వారే సభకు వచ్చినచో ఆ పని ఆగిపోవును. ఈ చిక్కు కోనసీమలో ఒకమారు నిజముగనే వచ్చినది. 1903వ సంవత్సరపు తొలిదినమున, చక్రవర్తి పేరిట, గోదావరి లంకలలోని యొక గృహిణికి సన్మానపత్రము వెలువడినది. ఆమె లంకల గన్నవరము కాపురస్థురాలు డొక్కా సీతమ్మగారు.

సీతమ్మగారి సేవ ఎట్టిదో తెలియవలెనన్న ముందుగా ఆ నేలను గుర్తుచేసికొనవలెను. ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయలకును సముద్రమునకును నడుమనున్న ముక్కోణపు నేలయే కోనసీమ. కొత్తపేట, అమలాపురము, రాజోలు ప్రాంతములు ఇందులోనివి. గన్నవరము దాపున వసిష్ఠనుండి వైనతేయము వేరుపడి రాజోలు సీమను తక్కిన కోనసీమనుండి విడదీయుచున్నది. వంతెనలు లేని కాలమున ఈ సీమలో దూరపుటూరికి పోవలెనన్న రేవు దాటక తప్పదు. పడవ వేళకు అందనివాడు ఆ రాత్రి ఒడ్డుననే గడుపవలెను. గాలివానయో వరదయో వచ్చినచో ఆ గడుపుట ఎన్ని నాళ్లో చెప్పుటకు వీలులేదు. చేత డబ్బున్నను అన్నము దొరకని చోట్లవి. అంతర్వేది తీర్థమునకు పోవు యాత్రికులు, తరలిపోవు పెండ్లివారు, బరువులు మోయు కూలీలు, సంభావనలకై తిరుగు పండితులు, అందరికిని ఆకలి ఒక్కటే.

ఆకలి యనునది ఆనాటి గోదావరి మండలమునకు క్రొత్త గాదు. 1833 ప్రాంతముల కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనను చూచిన పెద్దలు అప్పటికి సజీవులై యుండిరి. ఆ దుర్దశను చూచియే సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరపు ఆనకట్టకై పట్టుబట్టెను. 1847లో మొదలిడిన ఆ పని 1852 నాటికి ముగిసినది. ఆ కాలముననే గన్నవరము వద్ద వైనతేయముపై అక్విడక్టు నిర్మించి, నదిమీదుగా కాలువను నడిపించి, ఆవలి నగరము లంకకు నీరిచ్చిరి. మెట్టపంటల నేల మాగాణి యైనది. ధాన్యము పెరిగినది. కాని ధాన్యము పెరిగినంతమాత్రాన బాటసారి విస్తరిలోనికి అన్నము తనంత తాను రాదు గదా! ఆ మిగిలిన దూరమును నడిపించినవారు మనుష్యులు.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. అతిథులకు లేదనక అన్నము పెట్టుటచే తండ్రిగారిని జనులు బువ్వన్న యని పిలిచెడివారట. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు వేదము చదివిన పండితులు, కలిగిన రైతు. ఆయన ఒకమారు ప్రయాణములో ఆ ఇంట భోజనము చేసి, ఆ పిల్ల ఆదరమును చూచి, కన్యనడిగి వివాహమాడిరని చెప్పుదురు. ఆమె పుట్టింటినుండి తెచ్చిన అలవాటు మెట్టినింట వ్రతమైనది. వేళ కాని వేళ వచ్చినవారికిని, ఎవరు, ఏ ఊరు, ఏ కులము అని యడుగక, ముందు అన్నము పెట్టి తరువాతనే మాటాడెడివారని ఆ సీమలో నేటికిని చెప్పుకొందురు.

నిత్యాన్నదానమని ఒక్కమాటలో అందుము. అందలి శ్రమను ఒకమారు లెక్కింతము. మిల్లులు లేని కాలమది. వడ్లు దంపినగాని బియ్యము లేదు. నీరు ఏటినుండియో నూతినుండియో మోయవలెను. వర్షాకాలమునకు సరిపడు కట్టెలు వేసవిలోనే ఎండబెట్టి దాచవలెను. ఏటేట ఊరగాయ జాడీలు నింపవలెను. పాడి చూడవలెను. అరటియాకులు కోయించవలెను. ఎందరు వత్తురో తెలియని వంట అన్నిటికంటె కష్టమైనది. పదిమందికి వండిననాడు ఇరువదిమంది రావచ్చును. పొయ్యి ఆరిన తరువాత మరి యిద్దరు రావచ్చును. ఇట్టి పని ఒకదినము చేయుట ఉత్సవము. సంవత్సరములకొలది చేయుట తపస్సు. ఇంటి కలిమి తరిగిన దినములును వచ్చినవనియు, అప్పుడు పొలములో ధనము దొరకినదనియు ఒక జనశ్రుతి కలదు. ఆ కథను నమ్మినను మానినను, అది ఎందుకు పుట్టెనో గ్రహింపవచ్చును. ఒక్క రైతు కుటుంబము ఇంత భారము నెట్లు మోసెనో చూచినవారికే అంతుబట్టలేదు.

ఇంకొక కథ కోనసీమలో పెద్దలందరును చెప్పునది. అంతర్వేది నరసింహస్వామిని సేవింపవలెనని సీతమ్మగారికి చిరకాలపు కోరిక. ఒకనాడు వీలు చేసికొని పల్లకిలో బయలుదేరిరి. దారిలో పిల్లలతో వచ్చుచున్న యొక బృందము ఎదురైనది. ఆకలికి ఏడ్చుచున్న బిడ్డలను పెద్దలు, “ఇంకెంత దూరము? సీతమ్మగారి ఇల్లు చేరినచో అన్నము దొరకును” అని ఊరడించుచుండిరి. ఆ మాట చెవిని పడగానే ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందు ఇల్లు చేరి వంటకు పూనుకొనిరి.

ఇక సన్మానము మాట. ఆ కాలపు దర్బారులకును ఆకలికిని ఒక వింత సంబంధము కలదు. 1877 జనవరి 1న విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించుటకు ఢిల్లీలో మహాదర్బారు జరుగునాటికి మద్రాసు రాజధానిని ఘోరమైన కరవు పీడించుచున్నది. ఆ యేడే సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులకు వచ్చిన పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. ఇది చాలదని వైద్యులే ఆక్షేపించిరి. అనగా ప్రభుత్వము ఆకలిని తూనికరాళ్లతో తూచిన కాలమున, ఒక పల్లెలోని వంటయిల్లు తూకము లేక వడ్డించుచుండెను.

ఇరువదియారేండ్ల తరువాత, 1903 జనవరి 1న, ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక మహోత్సవముగా ఢిల్లీలో మరియొక దర్బారు జరిగినది. సీతమ్మగారి సన్మానపత్రముపై నున్నది ఆ తేదీయే. ఆమెను చక్రవర్తి లండనునకే ఆహ్వానించెననియు, ఆమె రానందున ఆమె ఛాయాచిత్రమును సభలో కుర్చీపై నుంచి గౌరవించిరనియు జనశ్రుతి. లండనులో పట్టాభిషేకము 1902 ఆగష్టు 9ననే జరిగిపోయినది. కావున పత్రము తేదీనిబట్టి చూడగా ఇది ఢిల్లీ దర్బారు సందర్భముననే దక్కిన గౌరవమని తోచుచున్నది. చిత్రము తీయించుకొనుటకు ఆమె మొదట అంగీకరింపలేదనియు, తీయింపనిచో తన ఉద్యోగమునకు ముప్పు వచ్చునని అధికారి చెప్పుకొనగా, ఒకరి కూడు పోవునను భయముచే ఒప్పుకొనిరనియు చెప్పుదురు. చక్రవర్తి మాటకు కదలని మనస్సు ఒక ఉద్యోగి అన్నమునకై కదలినదని జనులు తలచుకొనుటలోనే ఆమెపై వారికి గల గౌరవము తెలియుచున్నది.

ఇట్టి గౌరవము తెలుగుసీమలో ఆమెతోనే మొదలు కాలేదు. రేనాటి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 కరవున వేలమందికి గంజి పోసి బ్రదికింపగా విక్టోరియా ప్రభుత్వము బంగారు పతకము నిచ్చినది. ఆయన పోరాడినది ఒక మహాక్షామముతో. క్షామమునకు మొదలు, తుది కలవు. సీతమ్మగారు ఎదుర్కొన్నది దినదినపు ఆకలిని. దానికి తుది లేదు. కరవునాటి దాత చరిత్రకెక్కుట సులభము. ప్రతిదినపు దాత ఊరి అలవాటులో కలిసిపోవును.

1909లో సీతమ్మగారు పరమపదించిరి. తరువాతి తరములు ఆమె పేరును నిలిపినవి. గన్నవరమున పాత అక్విడక్టు ప్రక్కనే కట్టిన క్రొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. రేవుకడ ఆగినవారికి అన్నము పెట్టిన తల్లి పేరు, రేవు అక్కరలేకుండ చేసిన కట్టడమునకు తగియున్నది. ఆంధ్రప్రదేశ్ బడులలో వండిన మధ్యాహ్నభోజనము 2003 జనవరిలో, అనగా ఆ సన్మానపత్రము వచ్చిన సరిగా నూరేండ్లకు, ఆరంభమైనది. 2024లో ప్రభుత్వము ఆ పథకమునకు సీతమ్మగారి పేరు పెట్టి, 2025 జనవరిలో జూనియరు కళాశాలలకును విస్తరింపజేసినది. శిలావిగ్రహములకంటె ఇది ఆమెకు దగ్గరి గౌరవము. ఏలయన, ఇందు ఆమె రూపము గాక ఆమె పని నిలుచుచున్నది.

అయితే శ్రోతలు ఒక్క విషయము ఆలోచింపవలెను. ఆ బడులలో నేడు పొయ్యి వెలిగించి, బియ్యము కడిగి, పిల్లల వరుసలకు వడ్డించువారు అధికముగ పేదయిండ్ల స్త్రీలు. వారికిచ్చు ధనమును జీతమనరు, గౌరవవేతనమందురు. 2019లో దానిని నెలకు 3000 రూపాయలకు పెంచిరి. సీతమ్మగారు వేతనమెరుగరు, నిజమే. కాని ఆమె వెనుక జోగన్నగారి పొలములు ఉండినవి. ఈ వంటవారి వెనుక ఏ పొలమున్నది? పథకమునకు మహాదాత్రి పేరు పెట్టినప్పుడు, ఆ పేరిట గరిటె పట్టినవారి గౌరవము మాటతో ముగియరాదు. అది వారి చేతికి అందు వేతనములో కనబడవలెను, బడిలో వారిని పిలుచు పిలుపులో వినబడవలెను.

సీతమ్మగారి ఇంట వడ్లు దంపినవారి పేర్లు, నీరు మోసినవారి పేర్లు, రేవు దాటించిన పడవవారి పేర్లు మనకు దక్కలేదు. ఆ కాలపు పత్రములలో వారికి చోటులేకపోయినది. మన కాలపు వారి పేర్లు మనకు తెలియును. ప్రతి ఊరిలోను, ప్రతి బడిలోను వారు కన్నుల యెదుటనే యున్నారు. వారిని సభకు పిలిచి శాలువ కప్పుట మంచిదే. వారి పని సాగుటకు వలసిన బియ్యము, కట్టెలు, నీరు వేళకు అందించుట అంతకంటె మంచిది. పల్లకిని వెనుకకు త్రిప్పించుకొన్న ఆ తల్లి రెండవదానినే మన్నించి యుండును.