మూడు నిమిషముల హరిశ్చంద్రుడు

పద్యనాటకమును గూర్చి పండితులు చెప్పిన మాటలు పుస్తకములలో నున్నవి. నటులు చెప్పుకొన్న మాటలును కొన్ని యున్నవి. ఆ పద్యములను గ్రామఫోను ప్లేటుపై వేయించుకొని, అరుగులమీదను రచ్చబండలమీదను గూర్చుండి, విన్నదే మరల మరల విన్నవారి మాట మాత్రము పుస్తకములలో కెక్కినది తక్కువ. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దలారా, ఆ విన్నవారు మీ తండ్రులు, తాతలు. నేడు వారి పక్షమున నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఈ మూడు పట్టణములను ఒక ముడిగా జెప్పుట కొక కారణము గలదు. 1899 నాటికి బెజవాడ నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగా నేర్పడినది. 1916లో తెనాలి నుండి రేపల్లెకు మరియొక మార్గము పడినది. నాటక సమాజముల తెరలును, కిరీటముల పెట్టెలును, హార్మోనియములును ఈ రైళ్లలోనే తిరిగినవి. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో నుండగా, బాపట్ల, రేపల్లెలు 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాలోనికి వచ్చినవి గాని, పద్యమునకు ఆ యెల్లలు లేవు.

సత్యహరిశ్చంద్రీయమును వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడున జన్మించిరి. యముడన్న నేటికిని ఏ గొంతు చెవిలో మ్రోగునో, ఆ వేమూరి గగ్గయ్యగారిది రేపల్లె రైలుమార్గమునందలి వేమూరు. 1933 నాటి సావిత్రి చిత్రమున ఆయన యముడు. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో బుట్టిరి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమాడవలసిన నాడు చంద్రమతి వేషధారి రాలేదు. ఆ పాత్రను అప్పటికప్పుడు ఈ యువకుడు ధరించెను. పేరు ప్రకటింపని ఆ ప్రథమ ప్రవేశమును జూచి మెచ్చినవారు విమర్శకులు గారు, టిక్కెట్టు కొని వచ్చిన ఊరివారు. తరువాత ఆయన తెనాలి శ్రీరామవిలాస సభలో జేరి సత్యభామయై ఆంధ్రదేశమంతటను ప్రసిద్ధి కెక్కిరి.

నాటకము రాత్రితో ముగియును. ఆ గొంతును మరునాడు వినవలెనన్న నెట్లు? ఇచ్చటనే యంత్రము వచ్చినది. 1902లో గైస్‌బర్గ్ అను నాతడు కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ పాటను బట్టెను. మైనపు పలకమీద గీయబడిన ఆ శబ్దము ఓడ యెక్కి జర్మనీ దేశమందలి హానోవరునకు బోయి, అచ్చుపడి, మరల సముద్రము దాటి మన యంగళ్లకు వచ్చుచుండెను. పాట చివర గాయని తన పేరు తానే చెప్పుకొనుటకు కారణ మదియే. అచ్చువేయు దొరలకు ఎవరి పాట యేదియో తెలియవలెను గదా. 1908 నాటికి కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. ప్లేటునకు ముఖ్యద్రవ్యము లక్క. మన యడవులలో పురుగులు చేసిన లక్కయే దొరగారి కుక్క బొమ్మ తగిలించుకొని మన యింటికి తిరిగి వచ్చినదన్నమాట!

పది యంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక వైపున పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. 1925కు పూర్వము మైక్రోఫోను లేదు. గాయకుడు పెద్ద కొమ్ము ముందు నిలిచి బిగ్గరగా పాడవలసి యుండెను. సుకుమారముగా పాడు గొంతులు అందులో నణగిపోయెడివి. పందిరి చివరనున్న వానికి సయితము వినబడునట్లు రాత్రియెల్ల పాడుటకు అలవడిన నాటకగాని కంఠమునకు ఆ కొమ్ము ఒక లెక్క కాదు. కచేరీ విద్వాంసులు చులకనగా జూచిన గొంతే యంత్రమునకు నచ్చినది. ఈ సంగతి నాకు మిక్కిలి వినోదముగా దోచును.

పండితుల ఆక్షేపణ ఇప్పుడు చెప్పవలెను. పద్యమును రాగముతో సాగదీసి సాగదీసి అర్థమును చంపుచున్నారనిరి. బళ్ళారి రాఘవాచార్యులవంటి మహానటుడే ఈ సంగీతపు జోరును మెచ్చలేదు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని కూడ ఆయన వాదించెను. రంగస్థలము మట్టుకు ఆయన మాటలో న్యాయమున్నది. ‘ఒన్సుమోరు’ అని కేకలు వేసినంతనే కథ నాపి అదే పద్యమును మూడుమారులు పాడుట నాటకమునకు మేలు గాదు. చచ్చిపడిన పాత్ర లేచి, పద్యము పాడి, మరల చచ్చినదని హాస్యముగా జెప్పుకొందురు.

అయితే ఆక్షేపించినవారు ప్లేటు చేసిన పనిని గమనింపలేదని నా యభిప్రాయము. మూడు నిమిషములలో ముగింపవలెనన్నపుడు నటుడేమి చేయును? ఆలాపన తగ్గించును, లేదా పద్యమును వదలుకొనును. పద్యమును వదలిన ప్లేటు నెవరు కొందురు? కావున రాగమే తగ్గినది, మాట నిలిచినది. మందలించి చేయింపలేని పనిని లక్కపళ్లెము చేయించినది. ఒన్సుమోరు సయితము శ్రోత చేతిలోనికే వచ్చెను. ముల్లు నెత్తి మొదట పెట్టిన జాలును. నటునకు శ్రమ లేదు, కథకు భంగము లేదు. పది మారులు విన్నవానికి యతి యెచ్చట పడినదో, విరుపు ఎచ్చట తప్పినదో తెలియక మానదు. అక్షరము రానివాడు సీసపద్యమును తప్పు లేక చదువుట ఇట్లు సాధ్యమైనది. హరిశ్చంద్రలోను, కృష్ణరాయబారములోను ఘట్టములు వరుసగా నాలుగైదు ప్లేట్ల ‘సెట్టు’లుగా వచ్చినపుడు, ఊరి కొక పాఠశాల వచ్చినట్లే యయ్యెను. అట్టి ప్లేట్లను అట్టల పుస్తకమువలె నొకచోట గూర్చి యమ్ముటచేతనే పాటల గుంపునకు ‘ఆల్బము’ అను పేరు కలిగినది.

శ్రోతల రుచికి నేను జూపగల గొప్ప నిదర్శనము కాటిసీను. అచ్చట నటులు పాడి ఊరూర నేడిపించిన పద్యములలో కొన్ని బలిజేపల్లివారివి కావు. అవి వినుకొండలో 1895లో బుట్టిన గుఱ్ఱం జాషువాగారి శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వానిని తెచ్చి నాటకములో జొనిపిరి, జనులు వదలనీయలేదు. అంటరానితనమువలన సభలలో అవమానములు పడిన కవి పద్యము, అన్ని కులములవారును గూర్చుండిన పందిరిలో రాజైన హరిశ్చంద్రుని నోట వెలువడినది. ఎవరు వ్రాసిరో తెలియకయే పలువురు దానిని కంఠస్థము చేసిరి. తెలిసియుండిన నట్లు చేసియుందురా? ఆ ప్రశ్నను నేను మీకే విడుతును. పాట విన్న చెవి మాత్రము కులమడుగలేదు.

ప్లేటు పట్టలేనిదియు గలదు. స్థానంవారి సత్యభామను కన్నులార జూచినవారు, ఆయన చీరకట్టును, నడకను, అలుకలోని కనుబొమను చెప్పిన తరువాతనే పాటను చెప్పెడివారు. శ్రీకృష్ణతులాభారమునకు తానే కూర్చిన ‘మీరజాలగలడా’ పాటకు ఎంత పేరు వచ్చినను, అది ఆ సత్యభామలో సగమే. 1938లో రంగూనువారు ఆయనకు సువర్ణకిరీటమును బహూకరించినది గొంతునకు మాత్రమే కాదు. 1956లో పద్మశ్రీ వచ్చినది. 1971లో ఆయన గతించిరి. ఆ పాట 1966 నాటి చలనచిత్రములో పి. సుశీలగారి కంఠమున మరల వినబడినది. నేటివారి కనేకులకు దెలిసినది ఆ కంఠమే.

1938లో చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసినవి. ప్లేటు కొనలేని ఊరికి పద్యము గాలిలో వచ్చెను. తరువాత మైకుసెట్లు పెండ్లిండ్లలో ప్లేట్లను అరగదీసినవి. ఉక్కుముల్లు ప్రతి మారును గాడిని కొంచెము కొరుకును. ఎక్కువ మెచ్చుకొన్న ప్లేటే ముందుగా చచ్చును. ఎవ్వరును వినని ప్లేట్లు క్రొత్తగా మిగిలి, ఊరెల్ల వలచిన ప్లేట్లు గరగరలాడుచు దొరకుట కిది హేతువు.

మీ యటకమీద అట్టివి యున్నచో, ఒకదానిపై నొకటి పడవేయక, పుస్తకములవలె నిలువుగా నిలుపుడు. ఎండ తగులనీయకుడు, లక్క వంగిపోవును. స్పిరిటుతో తుడువకుడు; లక్క కరగిపోవును. మెత్తని పొడిగుడ్డ చాలును. నడిమి కాగితము చినిగిపోయి పేరు తెలియకున్నను పారవేయకుడు. ఆ కాగితమునకు చుట్టును నల్లని నునుపుభాగమున చిన్న అంకెలు చెక్కబడి యుండును. వానిని ఒక చీటిమీద వ్రాసి ప్లేటుతో నుంచుడు. ఆ గొంతు ఎవరిదో ఆ యంకెలవలన కనుగొనవచ్చును.