ఉద్దానము ఆరోగ్య చరిత్ర: సుషేణుని కొండ నుండి బడి గంట వరకు



శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయమని కమిటీవారు కోరినప్పుడు, మేము మొదట మిషనరీ దొరల చరిత్ర వ్రాయవలెననుకున్నాము. అందుకొరకు, రావివలసకు రాకమునుపు మేము పరిచర్య చేసిన ఉద్దానపు సంఘము యొక్క పాత రిజిస్టర్లు తెప్పించుకొని చూచాము. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము త్వరగానే తిరగవేశాము. భూస్థాపన పుస్తకము దగ్గర మాత్రము చేయి ఆగిపోయినది. వయస్సు గడిలో 38, 42, 45. కారణము గడిలో నీరసము, కాళ్ళ వాపు, ఆయాసము, వాంతులు. ఒక్క పేజీలోనే ఇటువంటివి నాలుగు. వాటిలో రెండు మా చేతివ్రాతే. వ్రాసిన నాడు మాకు అనుమానమైనా కలుగలేదు.

అందుచేత ఈ వ్యాసము దారి మారినది. దొరల చరిత్ర కొంత వచ్చును గాని, అసలు విషయము ఈ గడ్డమీద ఆరోగ్యము ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది అన్నదే.

మేమిప్పుడు ఉంటున్న రావివలస, టెక్కలికి దగ్గరి గ్రామము. ఎండల మల్లికార్జునస్వామి వలన ఈ ఊరి పేరు జిల్లా అంతా తెలుసును. పైకప్పు లేకుండ ఎండకు, వానకు నిలిచిన లింగమది. కార్తిక సోమవారములలో ఇక్కడ నిలువ చోటుండదు. మా హిందూ సోదరులు చెప్పుకొనే స్థలపురాణము మాకు మొదటినుండి ఇష్టము. రాముడు లంకనుండి తిరిగి వస్తూ ఈ ప్రాంతములో జనులు రోగములతో బాధపడుట చూచి, తన వెంటనున్న వైద్యుడైన సుషేణుని ఇక్కడే ఉండి వారికి వైద్యము చేయమన్నాడట. సుషేణుడు సుమంచ పర్వతము మీద తపస్సు చేస్తూ, రోగులను చూస్తూ అక్కడే దేహము చాలించాడట. ఆ కొండమీది మూలికల గాలి సోకితే జబ్బులు పోతాయని నేటికిని పెద్దలంటారు. మన విశ్వాసము వేరు. అయినను ఒక ఊరు తన పుట్టుకను రాజుతో గాక వైద్యునితో ముడివేసుకొనుట, ఆ వైద్యుడు ఊరు విడిచి పోక అక్కడే ఉండిపోయాడని చెప్పుకొనుట, సంఘకాపరులు ఆలోచింపదగిన సంగతి.

అట్లు ఉండిపోయినవారు చరిత్రలోనూ ఉన్నారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్తిస్టు మిషను క్రమముగా ఉత్తరమునకు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట వరకు వచ్చినది. అది మన అధ్యక్ష మండలమునకు చెందిన పని కాదు. శతాబ్ది సంచికలో ఎవరి గొప్ప వారు చెప్పుకొనుట వాడుక గనుక ఈ మాట ముందే చెప్పుచున్నాము. సోంపేటలో ఆరోగ్యవరము అని పేరుపెట్టిన ఆ ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ గారు కంటివైద్యము చేసేవారు. కంటిలో శుక్లము ముదిరి, గోడ పట్టుకొని నడిచే ముసలివారికి చూపు తెప్పించిన చేయి అది. ఆయన పని గురించి విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే కెనడా వ్యాపారి, దానికి సహాయము చేయుటకై 1963లో కాల్గరీ నగరములో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను ప్రారంభించాడు. ఆ సంస్థ తరువాత ఎన్నో దేశములకు వ్యాపించినది. సోంపేట పేరు ప్రపంచములో మొదట వినబడినది గ్రుడ్డివారికి చూపు వచ్చిన ఊరుగానే.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. శుక్లము కంటికి కనబడే జబ్బు. రోగికి తెలుసును, ఇంటివారికి తెలుసును, కట్టు విప్పిన నాడు ఫలితము ఊరంతా చూచును. తరువాత ఉద్దానమునకు వచ్చిన జబ్బు ఇందుకు పూర్తిగా వ్యతిరేకము.

ఉద్దానమంటే ఉద్యానవనమే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల పొడుగునా కొబ్బరి, జీడిమామిడి, పనస. బస్సులో పోయేవారు కోనసీమ వచ్చినదా అనుకొందురు. ఆ నీడలోనే, 2000 సంవత్సరము ప్రాంతము నుండి, మధుమేహము గాని పెద్దగా రక్తపోటు గాని లేని రైతులు, కూలీలు మూత్రపిండములు చెడి ఆసుపత్రులకు రావడము వైద్యులు గమనించారు. మూత్రపిండముల నిపుణులు డాక్టర్ టి. రవిరాజు గారు, ఆయన బృందము 2019లో ప్రచురించిన అధ్యయనములో, పరీక్షించిన పెద్దలలో నూటికి 18 మందికి ఈ జబ్బు కనబడినది. అందులో ఎక్కువమందికి కారణము చెప్పలేకపోయారు.

ఇది మన ఒక్కరి శాపము కాదు. శ్రీలంకలో అనురాధపురము వైపు వరి రైతులకు, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెరకు కూలీలకు ఇదే వరుస. మండుటెండలో పని, ఒంటిలో నీరు ఇగిరిపోవుట, బోరునీటిలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇట్లు ఎన్నిటినో అనుమానించారు. ఏ ఒక్కటీ నేరము ఒప్పుకోలేదు. మేము వేదాంత కళాశాలలో చదివేటప్పుడు ఎలీషా ప్రవక్త యెరికో నీటి ఊటలో ఉప్పు వేసిన వృత్తాంతము మీద పరీక్ష వ్రాశాము. ఊరు రమ్యము, నీళ్ళు చెడ్డవి అన్న ఆ పట్టణస్థుల ఫిర్యాదు ఉద్దానమునకు అచ్చముగా అమరునని ఒకటి రెండుసార్లు ప్రసంగము కూడ చేశాము. ఇప్పుడు అంత ధైర్యముగా చెప్పము. దోషమంతా నీటిదేనని తేలలేదు, పిడికెడు ఉప్పుతో పోయేదీ కాదు.

ఇక మా తప్పు. ఉద్దానపు సంఘములో ఒక సహోదరుడుండేవాడు. కొబ్బరి దింపు పని, కంఠము మంచిది, క్రిస్మసు కేరల్సుకు ఆయనే ముందు. సాయంత్రమునకు నడుము పట్టేసిందని రోజూ మందుల దుకాణములో నొప్పి మాత్రలు కొనేవాడు. పాస్టరు ఇంట్లో కూడ ఒక అట్ట ఉండేది. రెండు మూడుసార్లు మేమే ఇచ్చాము, మంచిపని చేశామనుకున్నాము. ఎండలో ఒళ్ళు ఎండిన మనిషికి ఆ మాత్రలు మూత్రపిండములకు ఎంత చేటో మాకు తెలియదు. కొన్నాళ్ళకు ఆయనకు తిండి సయించలేదు. రక్తపరీక్ష చేయించుకోమంటే నవ్వి, "ఏటి సేస్తాం అయ్యగారూ, పెళ్ళి కావాల్సిన గుంట ఉంది. కిడ్నీ ఇల్లని పేరొస్తే ఎవుడొస్తాడు?" అన్నాడు. మేము ప్రార్థన చేసి వచ్చేశాము. గట్టిగా చెప్పలేదు. పరీక్ష చేయించే నాటికి డయాలిసిస్ తప్ప దారి లేదన్నారు. ఏడాది దాటలేదు. భూస్థాపన పుస్తకములో కాళ్ళ వాపు అని వ్రాసినది ఆయన పేరు ఎదుటనే. ఆ అమ్మాయికి తరువాత వివాహమైనది. వరుని వారు అన్నీ తెలిసియే చేసుకున్నారు.

మొదటి దశలో ఈ జబ్బు నొప్పి పుట్టించదు. రక్తములో క్రియాటినిన్ ఎంతో, మూత్రములో మాంసకృత్తులు పోతున్నవో లేదో చూస్తే తప్ప తెలియదు. అప్పుడే తెలిస్తే ఎండపని తగ్గించి, నొప్పి మాత్రలు మాని, రక్తపోటు అదుపులో పెట్టుకొని చాలా ఏండ్లు నిలబడవచ్చును. దాచుకొన్న ఇల్లు ఆ ఏండ్లను పోగొట్టుకొంటున్నది.

ప్రభుత్వము చేసినది తక్కువేమీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసిన తరువాత ఉద్దానము కోలుకొనుటకు చాలా కాలము పట్టినది. 2019 నుండి డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రమును, వంశధార మీది హిరమండలము జలాశయము నుండి ఏడు మండలములకు త్రాగునీరు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును ప్రారంభించారు. విశాఖపట్నమునకు రైలెక్కి పోయి, లాడ్జీలో దిగి, అప్పుతో తిరిగివచ్చిన కుటుంబములను ఎరిగిన మాకు ఇది చిన్న సంగతి కాదు. అయితే అవన్నీ చేరవలసిన మనిషి పరీక్షకు చేయి చాచిన తరువాతనే గదా.

రావివలసకు వచ్చిన తరువాత మేము బడి దగ్గర మొదలుపెట్టుట ఇందుకే. పెద్దవారికి పరువు అడ్డము, పిల్లలకు అంత లేదు. 2019లో కేరళలో కొన్ని పాఠశాలలు పిల్లలు నీళ్ళు త్రాగుటకే ప్రత్యేకముగా గంట కొట్టుట ఆరంభించినవి. ఆ సంగతి చదివి ఇక్కడి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడితే ఆయన వెంటనే సరేనన్నారు. గంట మ్రోగినది, మగపిల్లలు త్రాగారు, పై తరగతి ఆడపిల్లలు సీసా మూత తీయలేదు. కారణము ఒక ఉపాధ్యాయినిగారు చెప్పారు. మరుగుదొడ్డికి తలుపు గడియ లేదు, లోపల కుళాయి రాదు. ఉదయము ఇంట్లో గ్లాసుడు త్రాగి సాయంత్రము వరకు బిగబట్టుకొని కూర్చుంటున్నారు. నీళ్ళు త్రాగమని ఎన్ని ఉపన్యాసములు చెప్పినా గడియ లేని తలుపు దగ్గర అవి నిలువవు.

సంఘ కమిటీలో ఈ విషయము పెట్టాము. కోతపండుగ కానుక అప్పటికే శతాబ్ది ద్వారమునకని కేటాయించి ఉన్నది. ఇద్దరు పెద్దలు లేచి, బడి ప్రభుత్వము వారిది, ద్వారము దేవునిది అన్నారు. తప్పని మేమనలేదు, వందేండ్లకొకసారి వచ్చే పండుగ. అప్పుడు భూస్థాపన పుస్తకములోని ఆ పేజీ తెరిచి, వయస్సు గడి మాత్రము చదివాము. పేర్లు చదువలేదు. వెనుక వరుసలో స్త్రీల సమాజపు పెద్దమ్మగారు ఒకరు కన్నీరు తుడుచుకొని, ఆ గడులలో ఒకటి తన తమ్ముడిదేనని అందరి ఎదుట చెప్పింది. ఆ మాట ఆమె అంతవరకు ఎవరితోనూ అనలేదు.

ద్వారము కొంచెము చిన్నదైనది. రెండు తలుపులకు గడియలు, ఒక నీళ్ళ తొట్టి, కుళాయిలు వచ్చినవి. ఆదివారము ఆరాధన తరువాత రక్తపరీక్షకు మొదట ఆ పెద్దమ్మగారే చేయి చాచింది. ఆమె వెనుక వరుస కట్టిన వారిలో ద్వారము కొరకు వాదించిన పెద్దలలో ఒకరున్నారు. ఫలితముల కాగితములు కవరులో పెట్టి ఎవరివి వారికే ఇచ్చాము. బడిలో ఇప్పుడు పదకొండు గంటలకు గంట కొడితే ఆడపిల్లలు కూడ సీసాలు తీయుచున్నారు. ఒకటో తరగతివారు మాత్రము సగము మీద పోసుకొంటున్నారని పంతులుగారి ఫిర్యాదు.