ప్రజాభిప్రాయ సర్వేల చరిత్ర

జనం మొత్తానికి ప్రాతినిధ్యం వహించేలా కొద్దిమందిని పద్ధతి ప్రకారం ఎంచుకొని, వారందరినీ ఒకే ప్రశ్న అడిగి, ఆ జవాబుల నుంచి అందరి మనోభావాన్ని అంచనా వేయడాన్ని ప్రజాభిప్రాయ సర్వే అంటారు. ఎన్నికల ఫలితాలను ముందే చెప్పే ప్రయత్నంగానే ఇది ఎక్కువమందికి తెలుసు. కానీ జాతి వివక్ష గురించి, శరణార్థుల గురించి, మతాంతర వివాహాల గురించి, వాతావరణ మార్పు గురించి జనం ఏమనుకుంటున్నారో ఓటు చెప్పదు. అది చెప్పగలగడమే సర్వేల అసలు విలువ. మనిషి నోటితో ఒప్పుకునే విలువ ఒకటి, దాని కోసం తాను ఏదైనా వదులుకోవలసి వచ్చినప్పుడు ఇచ్చే జవాబు మరొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాదాపు తొంభై ఏళ్లుగా సర్వేలు కొలుస్తూ వస్తున్నాయి.

తొలి ప్రయత్నాలు

1824 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు పెన్సిల్వేనియాలోని ఒక పత్రిక, విల్మింగ్టన్ పట్టణంలో జరిపిన లెక్కింపును ప్రచురించింది. అందులో ఆండ్రూ జాక్సన్‌కు 335, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 169 ఓట్లు వచ్చాయి. ఇలాంటి వాటిని స్ట్రా పోల్స్ అన్నారు. ఎవరిని అడగాలన్న నియమం వీటికి లేదు. దొరికినవారినే అడిగేవారు.

ఈ పద్ధతిని భారీ ఎత్తున నడిపిన పత్రిక లిటరరీ డైజెస్ట్. వరుసగా కొన్ని ఎన్నికల్లో విజేతను సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకున్న ఆ పత్రిక, 1936లో సుమారు కోటిమందికి బ్యాలెట్ పత్రాలు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగివచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని అవి చెప్పాయి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక చిరునామాలను ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకుంది. ఆర్థిక మాంద్యం కాలంలో ఫోను, కారు ఉన్నవారు కలిగినవారు. పైగా పత్రం తిరిగి పంపడానికి శ్రద్ధ చూపినవారు, చూపనివారు ఒక్కలాంటివారు కారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పవచ్చు, కానీ ముందు గరిటెతో అడుగుదాకా కలపాలి. డైజెస్ట్ పైపైన 24 లక్షల మెతుకులు పట్టి చూసింది. రెండేళ్లకే ఆ పత్రిక మూతపడింది.

గ్యాలప్, శాస్త్రీయ నమూనా

1935లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్‌ను స్థాపించిన జార్జ్ గ్యాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో రూజ్‌వెల్ట్ గెలుపును సరిగ్గా చెప్పాడు. ఆయనది కోటా పద్ధతి. స్త్రీలు, పురుషులు, ధనికులు, పేదలు ఇంతింతమంది ఉండాలని ముందే నిర్ణయించి, ఆ లెక్కలోపల ఎవరిని అడగాలన్నది సర్వే సిబ్బందికి వదిలేసేవారు. 1948లో ఈ పద్ధతీ దెబ్బతింది. థామస్ డ్యూయీ గెలుస్తాడని గ్యాలప్‌తో సహా ప్రధాన సర్వేలన్నీ చెప్పగా హ్యారీ ట్రూమన్ నెగ్గాడు. సిబ్బంది తమకు సులువుగా దొరికినవారిని ఎంచుకోవడం, పోలింగ్‌కు చాలాముందే సర్వేలు ఆపేయడం కారణాలుగా తేలాయి. ఆ తర్వాత, ఎవరిని అడగాలో లాటరీ తీసినట్టు నిర్ణయించే యాదృచ్ఛిక నమూనా పద్ధతి బలపడింది. అలా ఎంచుకున్న వెయ్యిమంది చాలు, దేశం ఎంత పెద్దదైనా ఫలితం దాదాపు 3 శాతం పాయింట్లు అటూఇటూగా వస్తుంది.

అడిగే తీరు

నమూనా సరిగ్గా ఉన్నా ప్రశ్నలోని మాట జవాబును మార్చేయగలదు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అడిగితే అభిప్రాయం చెప్పిన అమెరికన్లలో 75 శాతం వద్దన్నారని, వాటిని నిషేధించాలా అని అడిగితే మాత్రం 54 శాతమే అవునన్నారని 1941లో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు చూపాడు. అనుమతించకపోవడం, నిషేధించడం ఆచరణలో ఒకటే. కానీ నిషేధం అన్న మాట వినడానికి కటువుగా ఉంటుంది. అందుకే ప్రశ్నను ఉన్నదున్నట్టు చూడకుండా శాతాన్ని మాత్రమే చదవడం ప్రమాదం.

సమాజానికి అద్దం

1938 నవంబరులో జర్మనీలో యూదులపై దాడులు జరిగాక, నాజీల తీరును ఖండిస్తారా అని గ్యాలప్ అడిగితే 94 శాతం అమెరికన్లు ఖండించారు. అక్కడి యూదులను మరింతమందిని మన దేశంలోకి రానిద్దామా అన్న ప్రశ్నకు 72 శాతం వద్దన్నారు. ఖండనకు ఖర్చు లేదు, ఆశ్రయానికి ఉంది. చరిత్రను గుర్తుచేసుకునేటప్పుడు మరిచిపోవాలనిపించే ఇలాంటి సంగతిని ఈ రెండు అంకెలు మరవనివ్వవు.

మనసులు మారతాయని కూడా సర్వేలే చూపాయి. నల్లజాతి, తెల్లజాతి వారి మధ్య వివాహాలను 1958లో 4 శాతం అమెరికన్లు సమర్థించారు. 2021 నాటికి ఆ సంఖ్య 94 శాతానికి చేరింది. ఒకే ప్రశ్నను దశాబ్దాలపాటు ఓపికగా అడుగుతూ పోవడం వల్లే ఈ మార్పు లెక్కకు అందింది.

భారతదేశంలో

నమూనా సర్వేలకు భారతదేశంలో గట్టి పునాది ఉంది. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. బెంగాల్ జనపనార పంటను నమూనా పద్ధతిలో అంచనా వేయించారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఆయన సంస్థలో చేరిన తెలుగువాడు సి.ఆర్.రావు, ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రాన్ని 1945లో ప్రచురించారు.

అభిప్రాయ సర్వేలను 1950లలో ఆర్థికవేత్త ఎరిక్ డా కోస్టా ప్రారంభించారు. రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ 1963లో స్థాపించిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ 1967 నుంచి ఓటర్ల అధ్యయనాలు చేపట్టింది. 1980లలో పాత్రికేయుడు ప్రణయ్ రాయ్ వీటిని పత్రికలకు, ఆపైన టీవీకి చేర్చారు. పొరపాట్లూ జరిగాయి. 2004 లోక్‌సభ ఎన్నికల ఫలితాన్ని చాలా సర్వేలు పసిగట్టలేదు. 2024లో, ఓటేసి వచ్చినవారిని అడిగే ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం ఎన్డీఏ కూటమికి 350కి పైగా స్థానాలు ఇస్తే వచ్చినవి 293. అన్ని దశల పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ ప్రచురించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2009లో సవరణ చేశారు.

సీట్ల లెక్కకంటే లోతైనవి సామాజిక సర్వేలు. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2019–20లో తెలుగుతో సహా 17 భాషల్లో దాదాపు 30 వేలమంది భారతీయులను పలకరించింది. నిజమైన భారతీయత అంటే అన్ని మతాలను గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం చెప్పారు. తమ మతపు ఆడపిల్లలు వేరే మతంవారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం అన్నారు. ఈ రెండు జవాబులు ఇచ్చినది ఒకే సమాజం.

విమర్శలు

ఆలోచించని విషయంపైన కూడా మొహమాటానికి ఏదో ఒక జవాబు చెప్పేవారుంటారని రాజనీతి శాస్త్రవేత్త ఫిలిప్ కాన్వర్స్ 1964లో హెచ్చరించాడు. సర్వేలు చెప్పే అర్థంలో ప్రజాభిప్రాయం అనేదే లేదని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్దియూ 1973లో వాదించాడు. జవాబిచ్చేవారు తగ్గిపోవడం నేటి పెద్ద సమస్య. ప్యూ ఫోన్ సర్వేలకు 1997లో 36 శాతం స్పందిస్తే 2018కి అది 6 శాతానికి పడిపోయింది.

ప్రపంచ సమస్యలు

1970లలో యూరోబారోమీటర్, 1981లో వరల్డ్ వాల్యూస్ సర్వే మొదలయ్యాక దేశాలను పోల్చడం సాధ్యమైంది. 125 దేశాల్లో సుమారు 1,30,000 మందిని ప్రశ్నించిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఇంటి ఆదాయంలో నెలకు ఒక శాతం ఇస్తామని 69 శాతం చెప్పారు. మీ దేశంలో ఇంకెందరు ఇస్తారనుకుంటున్నారని అడిగితే వారి సగటు అంచనా 43 శాతమే. 1938 సర్వే మాటకూ చేతకూ మధ్య దూరాన్ని చూపింది. మనిషికీ పొరుగువాడికీ మధ్య దూరాన్ని చూపినది ఈ సర్వే. ఎవరికి వారు సిద్ధంగా ఉండి, పక్కవాడు కదలడనుకొని ఆగిపోతున్నారు. ఆ పక్కవాడి జవాబును అందరికీ తెలియజేయడం సర్వే చేయగల పెద్ద మేలు.